6 మీటర్ల పైపు కడగడం

పోయిన వినాయక చవితికి మా పెద్దమ్మ వాళ్లు మదనపల్లె నుంచి కాణిపాకం వచ్చి, దర్శనం చేసుకుని, అట్నుంచి అటే చిత్తూరులో మా ఇంటికొచ్చారు. కాణిపాకంలో ఉత్సవాలు 21 రోజులు జరుగుతాయి కాబట్టి ఆ మూడు వారాలూ కట్టమంచిలో మా ఇంటికి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. వచ్చినవాళ్లకి నేనిచ్చేది నన్నారి సోడా, అంటే సుగంధిపాల వేర్ల షర్బత్తు కలిపిన సోడా. అంగట్లో కొన్నది కాదు. ఫ్రిజ్ తలుపుకి బిగించిన ట్యాపు పిడి లాగితే నురగతో గ్లాసులోకి దిగేది. చుట్టాల పిల్లలు చెప్పులు విడవకముందే దాని దగ్గరికి పరిగెత్తుతారు.

ఆ రోజు పెద్దమ్మ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది. మళ్లీ ఎత్తి వాసన చూసింది. "మజ్జిగ తాగిన గ్లాసు కడక్కుండా పోసినారా నాయనా?" అని అడిగింది.

నా గ్లాసు నేనూ వాసన చూశాను. నన్నారి సువాసన ఉంది. దాని వెనకాలే ఇంకో వాసన, నిలవుండిపోయిన వెన్న వాసన లాంటిది, సన్నగా వస్తోంది. ఆ వాసన నాకు బాగా తెలుసు. బీరు పట్టే పైపుని కడగకుండా వదిలేస్తే వచ్చే వాసన అది. అందరి చేతుల్లోంచీ గ్లాసులు తీసుకుని సింకులో పారబోశాను. పెద్దావిడకీ పసిపిల్లలకీ ఆ పైపులోంచి పోసిచ్చానన్న బాధతో ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఈ ట్యాపు మా ఇంటికి ఎలా వచ్చిందో కొంచెం చెప్పాలి. నేను అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీలో 9 ఏళ్లు ఉద్యోగం చేశాను. మిల్లర్, పాబ్స్ట్, ష్లిట్జ్ లాంటి పెద్ద బీరు కంపెనీలు పెరిగిన ఊరది. ఆ దేశంలో ఇంట్లో వాడకానికి బీరు చేసుకోవడాన్ని 1978లో వచ్చిన చట్టం అనుమతించింది. మా పక్కింటాయన గ్యారేజీలో ఒక పాత ఫ్రిజ్ ఉండేది. తలుపుకి రెండు ట్యాపులు, లోపల బీరు నింపే రెండు స్టీలు పీపాలు (కెగ్గులంటారు), ఒక కార్బన్ డయాక్సైడ్ సిలిండరు. అది చూసి నేనూ ఒకటి పెట్టుకున్నాను. బీరు ఎలా పట్టాలో చూపించకముందే ఆయన నాకు ట్యాపు ఎలా విప్పాలో చూపించాడు. 14 రోజులకొకసారి పైపు కడగాలి, ట్యాపు విప్పి తోమాలి, ఇది చేయలేనంటే సీసాలు కొనుక్కో అన్నాడు. అక్కడి బీరు తయారీదారుల సంఘం బార్లకు చెప్పే లెక్క కూడా ఆ 14 రోజులే. అక్కడున్నన్నాళ్లూ నేను ఆ లెక్క తప్పలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఫ్రిజ్ తేలేదు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. కెగ్గులు, ట్యాపులు, పైపులు మాత్రం సామానుతో పాటు ఓడలో వేశాను. ఇక్కడ అందులో బీరు పోసే ఉద్దేశం మొదటినుంచీ లేదు. ఇంట్లో అమ్మ ఉంది, పిల్లలున్నారు. పైగా ఆ 19 లీటర్ల కెగ్గులు అసలు బీరు కోసం చేసినవే కావు. ఒకప్పుడు కోకు, పెప్సీ లాంటి కూల్‌డ్రింకుల సిరప్పు హోటళ్లకు వీటిలోనే వెళ్లేది. ఆ వ్యాపారం అట్టపెట్టెల్లోని ప్లాస్టిక్ సంచులకు మారాక, పాత కెగ్గులు చవగ్గా బయటికొస్తే ఇంట్లో బీరు చేసుకునేవాళ్లు కొనుక్కున్నారు. నేను కొన్నప్పుడు మూత రబ్బరులో ఇంకా కోలా వాసన ఉండేది. కాబట్టి నేను నన్నారి సోడా పోయడమంటే వాటిని మళ్లీ పాత పనిలో పెట్టడమే.

ఇక్కడ ఒక పాత పెద్ద ఫ్రిజ్ కొన్నాను. రంధ్రాలు ఎక్కడ పెట్టాలో చూడ్డానికి ఫ్రిజ్ మెకానిక్‌ని పిలిచాను. "పక్కన డ్రిల్లు పెట్టొద్దు సార్, గ్యాసు పైపులు ఆ రేకు కిందే పోతుంటాయి. తలుపులో అయితే ఏమీ ఉండవు" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఫ్రిజ్ బతికింది. తలుపుకే రెండు ట్యాపులు బిగించాం. ఒకటి నన్నారికి, ఒకటి ఉత్త సోడాకి.

బీరుకీ సోడాకీ పైపు పొడవులో చాలా తేడా ఉంటుంది. బీరుకి 10, 12 పౌండ్ల ప్రెషరు చాలు, టైరుకి గాలి పట్టించేటప్పుడు చెప్పే పౌండ్లే ఇవి. సోడా గొంతులో చురుక్కుమనాలంటే 30 పౌండ్ల దాకా పెట్టాలి. అంత ప్రెషరుతో పొట్టి పైపులోంచి వస్తే గ్లాసులో పడేది మొత్తం నురగే, గ్యాసంతా అక్కడే పోతుంది. సన్నటి పొడవాటి పైపులో వస్తే ఆ దూకుడు తగ్గి మెత్తగా దిగుతుంది. అందుకే బీరుకి 2 మీటర్లున్న పైపుని సోడాకి 6 మీటర్లు చేశాను. చుట్ట చుట్టి ఫ్రిజ్‌లో ఒక మూల పెట్టాను. పొడవు పెరిగిందంటే కడగాల్సింది కూడా పెరిగిందని అప్పుడు నాకు తట్టలేదు.

అసలు తప్పు అంతకంటే పెద్దది. బీరు కాదు కదా, షర్బత్తే కదా అనుకున్నాను. కెగ్గు అయిపోయినప్పుడల్లా మంచి నీళ్లు పోసి పైపులోంచి వదిలి సరిపెట్టేవాణ్ని. 5 నెలలు అలాగే గడిచాయి. నిజానికి బీరులో ఆల్కహాలు ఉంటుంది, హాప్స్ అనే పూల చేదు ఉంటుంది. రెండూ కొన్ని రకాల బాక్టీరియాని కొంతవరకు ఆపుతాయి. నన్నారి షర్బత్తులో ఆ రెండూ లేవు, ఉన్నదంతా చక్కెర. బీరు పైపుకే రెండు వారాలు గడువంటే చక్కెర పైపుకి ఇంకెంత జాగ్రత్త కావాలి? 9 ఏళ్లు చేసిన పనిని, పానకం మారిందని మానేశాను.

మర్నాడు పొద్దున్నే విప్పడం మొదలుపెట్టాను. ముందు సిలిండరు కట్టేసి, కెగ్గు మూత మీదున్న చిన్న రింగు లాగి లోపలి ప్రెషరంతా వదిలేశాను. ఇది మర్చిపోయి ఏ నట్టు విప్పినా అది ముఖానికి వచ్చి తగులుతుంది. తర్వాత ట్యాపు విప్పాను. బయటినుంచి చూస్తే తళతళలాడుతోంది. కానీ పిడి కింద గాలి పోవడానికి రెండు సన్నటి రంధ్రాలుంటాయి, గ్లాసు నిండాక ట్యాపులో మిగిలిన చుక్కలు అక్కడే ఆగి గాలి తగిలి ఎండుతుంటాయి. చెవిలో పెట్టుకునే బడ్డు ఒకటి అందులో తిప్పి తీశాను. దూది నల్లగా అయి జిగటగా సాగింది. వేళ్ల మధ్య రుద్దితే చింతపండు పులుసు గిన్నెకి అంటుకుని ఎండినట్టు ఉంది. వాసన చూడాల్సిన అవసరం లేకపోయింది.

పైపుని వెలుతురుకి పట్టి చూశాను. నీళ్లంత తేటగా ఉంది. ఒక చివర కోసి, ముక్కని నిలువునా బ్లేడుతో చీల్చాను. లోపలి గోడ మీద వేలు పెడితే వరిపిండి గంజి రాసినట్టు పల్చటి జారుడు పొర. తేటగా కనిపించే పైపులోనే అది ఉంది. ఉత్త నీళ్లు వదిలితే దాని మీదినుంచి జారిపోతాయి తప్ప దాన్ని కదిలించలేవు. బాక్టీరియా, ఈస్టు కలిసి వేసుకున్న ఇల్లు అది. పులియబెట్టే బాక్టీరియా కొన్ని డయాసిటైల్ అనే పదార్థాన్ని వదులుతాయి, పెద్దమ్మకి తెలిసిన వెన్న వాసన దానిదే. గాలి తగిలే ట్యాపు మూతి దగ్గర చేరే రకమైతే వెనిగర్ వాసన ఇస్తుంది.

మిల్వాకీ నుంచి తెచ్చుకున్న పైపు కడిగే మందు ఎప్పుడో అయిపోయింది. అందులో ముఖ్యంగా ఉండేది కాస్టిక్ సోడా. అది ఇక్కడా దొరుకుతుంది. లీటరు నీళ్లకి 20 గ్రాములు, అంటే 2 శాతం. బోరు నీళ్లు కాచి అందులో కలిపాను. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, బకెట్టు అంచుకి తెల్ల గీత పడుతుంది. కాస్టిక్ తగలగానే ఆ సున్నం విరిగి అడుగుకి దిగుతోంది. అదే పైపులోకి పంపించి ఉంటే పాచి మీద సున్నం పూత వేసినట్టయ్యేది.

అప్పటికి మా మామ వచ్చి గడపలో నిలబడి చూస్తున్నాడు. అమ్మకి తమ్ముడు. పాల చిల్లింగ్ సెంటర్‌లో 30 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. "ఏం చేస్తా ఉండావురా?" అని అడిగి, బకెట్టులోకి తొంగి చూసి, నా చేతులు చూసి, "గ్లవుసుల్లేకుండా కాస్టిక్ ముట్టుకుంటావా, లేయ్ ముందు" అని కోప్పడ్డాడు. ఆయనే పోయి రబ్బరు గ్లవుసులు, కళ్లద్దాలు తెచ్చాడు. తర్వాత స్టూలు వేసుకుని కూర్చుని నా చేత చేయించాడు.

"పాల పైపయినా నీ సోడా పైపయినా ఒకటేరా. లోపలికి బ్రష్షు పోదు. నీళ్లే బ్రష్షు కావాల. అందుకని అవి ఆగకుండా తిరగాల, వెచ్చగా ఉండాల, టైము ఇయ్యాల" అన్నాడు మామ. చిల్లింగ్ సెంటర్లో పైపులు విప్పకుండా కడిగే పద్ధతిని సీఐపీ అంటారట. ముందు నీళ్లు, తర్వాత కాస్టిక్, నీళ్లు, తర్వాత యాసిడ్, మళ్లీ నీళ్లు. నేను మిల్వాకీలో నేర్చుకున్నదీ అక్షరాలా అదే. బీరు పైపులో కాల్షియం ఆక్సలేట్ రాయిలా పేరుకుంటుంది, బీరు స్టోన్ అంటారు. పాల పైపులో పేరుకునేదాన్ని మిల్క్ స్టోన్ అంటారని మామ చెప్పాడు. కాస్టిక్ జిడ్డునీ పాచినీ తీస్తుంది కానీ ఆ రాయిని తీయలేదు, దానికి యాసిడే కావాలి. రెండు దేశాల్లో రెండు పనుల్లో ఉన్నవాళ్లకి ఒకే వరస తెలియడం చూసి నాకు ధైర్యం వచ్చింది.

నేనొక పొరపాటు చేయబోయాను. మందు కలిపిన నీళ్లు ఖాళీ కెగ్గులో పోసి గ్యాసుతో నెడదామనుకున్నాను. కాస్టిక్ కార్బన్ డయాక్సైడుని పీల్చుకుంటుంది. గ్యాసూ దండగ, మందు బలమూ పోతుంది, మూసిన కెగ్గులో గ్యాసంతా పీల్చేస్తే లోపల ఖాళీ ఏర్పడి కెగ్గు లోపలికి లాగినట్టవుతుంది. ఇది గుర్తొచ్చి ఆగాను. గాంధీ రోడ్డు వైపు వెళ్లి, వాటర్ ఫిల్టర్లలో వాడే చిన్న పంపు ఒకటి కొన్నాను. దాని గొట్టాలు సన్నవే కాబట్టి నా పైపుకి సులువుగా అతికింది. అప్పట్నుంచి అది కడగడానికే ఉంది, తాగే నీళ్లకి ఎవరూ వాడకుండా మీద ఎర్ర టేపు చుట్టాను.

ఈసారి 20 లీటర్ల క్యాను నీళ్లు తీసుకున్నాను. స్నానానికి పెట్టుకునేంత వేడి, 40 డిగ్రీలు, అంతకు బాగా మించితే మెత్తటి పైపు పాడవ్వొచ్చు. నీళ్లలో కాస్టిక్ వేశాం. కాస్టిక్ మీద నీళ్లు ఎప్పుడూ పోయకూడదు, ఒక్కసారిగా ఉడుకెత్తి చిమ్ముతుంది. పంపు ఆన్ చేశాక బకెట్టులోంచి పైపులోకి, పైపులోంచి బకెట్టులోకి తిరగడం మొదలైంది. మొదటి రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత టీ డికాషన్ రంగు వచ్చింది. ఆ తర్వాత చిన్న చిన్న పొరలు, తడిసిన ఉల్లిపొట్టు తునకల్లా, ఒకదాని వెనక ఒకటి బయటికి కొట్టుకొచ్చాయి. అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. 15 నిమిషాలు తిప్పి, ఆ నీళ్లు పారబోసి, కొత్తగా కలిపి ఇంకో 15 నిమిషాలు తిప్పాం. రెండోసారి తేటగా వచ్చింది.

తర్వాత ఉత్త నీళ్లు. ఎంతసేపు? నాలుక మీద వేసి చూడకూడదు. మామ లిట్మస్ కాగితాలు తెప్పించాడు. పైపు నుంచి వచ్చే నీళ్లలో, క్యాను నీళ్లలో చెరొక ముక్క ముంచితే రెండూ ఒకే రంగులో ఉండాలి. 9 లీటర్లు పోయాక ఉన్నాయి. అప్పుడు యాసిడ్. దానికి నిమ్మ ఉప్పు చాలు, కిరాణా కొట్లో దొరికేదే. కాస్టిక్ పూర్తిగా పోకముందు దాన్ని పోస్తే రెండూ ఒకదాన్నొకటి చంపుకుని ఏ పనీ చేయవు. ఇక బాత్‌రూములు కడిగే బ్లీచింగ్ జోలికి మాత్రం పోకూడదు. యాసిడ్ తగిలితే విషపు గ్యాసు వస్తుంది, స్టీలుకి గుంటలు పడతాయి.

పైపు తిరుగుతున్నంతసేపూ నేను ట్యాపు ముక్కలు తోముతూ కూర్చున్నాను. పిడి, చిన్న గుండు, మధ్య కడ్డీ, మూతి, మూడు రబ్బరు రింగులు. అన్నిటినీ ఒక పాత టవల్ మీద విప్పిన వరసలోనే పెట్టాను. పంటి బ్రష్షుతో కడ్డీని తోముతుంటే ఒకచోట తెల్లటి మెరుపు పోయి పసుపు రంగు కనబడింది. ట్యాపు లోపల ఇత్తడి. పైన క్రోమియం పూత మాత్రమే, అదీ అరిగిపోయింది. సోడా నీళ్లు పుల్లటివి, అందులో నిమ్మరసం కూడా పిండుతున్నాం. పుల్లటి నీళ్లు ఇత్తడి మీద రాత్రంతా నిలబడితే రాగి కరిగి అందులోకి దిగుతుంది. అది ఎక్కువైతే కడుపునొప్పి, వాంతులు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాచొద్దని మా అవ్వ చెప్పేది ఇందుకే. ఆ ట్యాపు మళ్లీ బిగించలేదు. స్టెయిన్‌లెస్ స్టీలువి రెండు తెప్పించేదాకా 3 వారాలు సోడా లేదు. పిల్లలు అలిగారు. నేను ఆ ఇత్తడి ముక్క చూపించి చెప్పాక అర్థం చేసుకున్నారు.

కెగ్గులో కూడా కంటికి కనబడని చోటు ఒకటుంది. అడుగుదాకా దిగే పొడవాటి స్టీలు గొట్టం. సోడా అందులోంచే పైకి వస్తుంది. దానికి సన్నటి పొడవాటి బ్రష్షు కావాలి. నట్లు విప్పితే గ్యాసు వైపుదీ సోడా వైపుదీ ఒకేలా కనిపిస్తాయి, తారుమారైతే బిగుసుకుపోతాయి. నేను సోడా వైపు దానికి గోళ్ల రంగుతో చుక్క పెట్టాను. రబ్బరు రింగులన్నీ మార్చేశాను, కోలా వాసన ఉన్న పాతది కూడా.

అన్నీ బిగించాక సబ్బు నురగతో ప్రతి జాయింటూ తడిపి చూశాను. బుడగ వస్తే గ్యాసు పోతున్నట్టే. ఒకచోట వచ్చింది, వాషరు మార్చాను. ఇది డబ్బు సంగతి మాత్రమే కాదు. ఆ గ్యాసు గాలి కంటే బరువు, రంగూ వాసనా లేదు, తలుపులు మూసిన చిన్న గదిలో కారితే కిందే నిండుతుంది. మా ఫ్రిజ్ వరండా వైపు గదిలో ఉంది, కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. సిలిండరుని ఎండ తగిలే చోట పెట్టం. 31 డిగ్రీలు దాటితే అందులోని ద్రవం ద్రవంగా ఉండదు, మన ఏప్రిల్ ఎండకి లోపలి ప్రెషరు బాగా పెరిగిపోతుంది. గ్యాసు కూడా సోడా తయారీవాళ్లకి సరఫరా చేసే డీలరు దగ్గరే నింపిస్తాను, తాగడానికి పనికొచ్చే రకం అని అడిగి మరీ.

ఇప్పుడు వరస ఇది. రెండు వారాలకొక ఆదివారం కాస్టిక్, ట్యాపు విప్పి తోమడం. మూడు నెలలకొకసారి నిమ్మ ఉప్పు. మొత్తం గంటన్నర. ఉత్త సోడా వైపు పైపుకి చక్కెర తగలదు కాబట్టి త్వరగా అయిపోతుంది. వంటింట్లో వేలాడే క్యాలెండరులో ఆ ఆదివారాలకి అమ్మ పసుపు బొట్టు పెడుతుంది. నేను బద్ధకించిన రోజు "ఈ రోజు బొట్టుంది" అంటుంది, అంతే. కడిగాక మొదటి గ్లాసు నేను తాగుతాను, రెండోది మామకి. ఆయన తాగే ముందు వాసన చూస్తాడు, పాల క్యాను మూత తీసి చూసినట్టు.

పెద్దమ్మ సంక్రాంతికి మళ్లీ వచ్చింది. నేను గ్లాసు ఇస్తే మొహమాటంగా తీసుకుంది. తాగింది. రెండో గ్లాసు అడిగి పుచ్చుకుంది.

పాత పైపు సంగతి ఒకటి మిగిలింది. దాన్ని శుభ్రంగా కడిగినా, లిట్మస్ సరిపోయినా, కొత్తది వేసేశాను. అమెరికాలో రూట్ బీరు అని ఒక తీపి సోడా ఉంటుంది, వాసన దాదాపు మన నన్నారిలాగే. అది ఒకసారి పోసిన పైపులో మళ్లీ బీరు పోయకూడదని అక్కడ అందరికీ తెలుసు, ఆ వాసన ప్లాస్టిక్కులోకి ఇంకిపోతుంది, ఏ మందుకీ పోదు. మా నన్నారి వేర్లదీ అదే గుణం. పాత పైపుని మిద్దె మీద ఎండలో పడేశాను. నెల తర్వాత అమ్మ దాన్ని ముక్కలుగా కోసి, గోడ మీదికి పాకే సన్నజాజి తీగకి కట్టింది. పొద్దున పూలు కోస్తుంటే చేతికి ఇంకా నన్నారి వాసన వస్తోందంటుంది.